మధ్యాదాయ వర్గాలకు అందుబాటు ధరలో గృహవసతి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఆరంభమైన ఇందిరమ్మ పథకం నిరుపేదల గృహవసతికి ఉద్దేశించినది. అందులో అర్హత లేక, ప్రైవేటు ఫ్లాట్ల ధర భరించలేక, విస్తరిస్తున్న నగరాలలో చిరుద్యోగులు, చిన్న వ్యాపారులు అద్దె ఇళ్లకే పరిమితమయ్యారు. ఈ లోటును పూరించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2007లో రాజీవ్ స్వగృహ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. మార్కెట్ ధర కంటే తక్కువకు మధ్యాదాయ కుటుంబాలకు గృహాలు అందించడం దీని ధ్యేయం. అయితే రుణాలతో చేపట్టిన నిర్మాణాలలో జాప్యం జరిగిన కొద్దీ వడ్డీ భారం పెరిగింది. పలు సముదాయాలు అసంపూర్తిగా నిలిచాయి. హైదరాబాద్ శివార్లలోని బండ్లగూడ, పోచారం ఫ్లాట్లకు తెలంగాణ ప్రభుత్వం 2022లో లాటరీ నిర్వహించింది. స్థలం, తక్కువ వడ్డీ రుణం, నిర్ణీత గడువులో నిర్మాణం సమకూరినప్పుడే ఇంటి ధర సామాన్య ఉద్యోగికి అందుబాటులో ఉంటుందని ఈ అనుభవం తెలియజేస్తున్నది.