లేటెక్ పత్రాల్లో ఆర్ గ్రాఫుల దిశ సవరణ

గణాంక భాష ఆర్‌లో గీసి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా దాచిన గ్రాఫు, లేటెక్ పత్రంలో చేర్చగానే 90 డిగ్రీలు పక్కకు పడి కనిపించడం పాత సమస్య. గ్రాఫులు గీసే గ్నూప్లాట్ వాడేవారికీ ఇది ఎదురవుతుంది.

మూలం ఆర్‌లోని డిఫాల్ట్ అమరికలో ఉంది. వేరుగా చెప్పకపోతే పోస్ట్‌స్క్రిప్ట్ ఆదేశం ‘హారిజాంటల్ = ట్రూ’ అనుకుని, గ్రాఫును అపసవ్య దిశలో తిప్పి, చుట్టూ పావు అంగుళం వదిలి కాగితమంతా నింపుతుంది. నేరుగా ప్రింటరుకు పంపేవారికి ఇది సదుపాయమే. ఏ4 కాగితమైతే ఫైలులో బొమ్మ హద్దులు తెలిపే బౌండింగ్‌బాక్స్ వరుసలో 18 18 577 824 అని ఉంటుంది. కొలత పాయింట్లలో, అంగుళానికి 72. ఈ పెట్టె నిలువుది, గ్రాఫేమో అడ్డం. అంటే తిరగడం ఫైలులోనే జరిగిపోయింది.

పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్లను చూపే జీవీ వంటి ప్రోగ్రాముల్లో అదే ఫైలు సరిగ్గా కనిపించడంతో చాలామంది తప్పు లేటెక్‌దేనని అనుకుంటారు. ఆ ప్రోగ్రాములు ఫైలులోని ఓరియెంటేషన్ వ్యాఖ్యను చదివి పేజీని తిప్పి చూపుతాయి. లేటెక్‌లోని గ్రాఫిక్స్‌ఎక్స్ ప్యాకేజీ చూసేది బౌండింగ్‌బాక్స్‌నే.

పత్రంలోనే సరిచేయాలంటే బొమ్మను చేర్చే ఆదేశంలో ‘యాంగిల్ = -90’ అని రాస్తారు. అయితే ఐచ్ఛికాలు ఎడమ నుంచి కుడికి అమలవుతాయి కాబట్టి వరుస ముఖ్యం. వెడల్పు ముందు రాసి కోణం తర్వాత రాస్తే, కోరిన వెడల్పు కాస్తా ఎత్తుగా మారుతుంది. పైగా -90 డిగ్రీలు తిరిగిన బొమ్మ అక్షరరేఖ కిందికి వేలాడుతుంది; రేఖకు పైన ఎత్తు సున్నా. అప్పుడు ‘హైట్’ ఇస్తే సున్నాతో భాగించిన దోషం రావచ్చు. ‘టోటల్‌హైట్’ ఉన్నది ఇందుకే.

మూలంలోనే దిద్దడం ఇంతకంటే మేలు. ఆర్ సహాయ పుటలు కూడా సెట్‌ఈపీఎస్ ఆదేశాన్నే సూచిస్తాయి. అది హారిజాంటల్‌ను ఫాల్స్‌గా, కాగితాన్ని ‘స్పెషల్’గా మార్చి, ఒక్కో బొమ్మను ఒక్కో ఫైలుగా ఉంచుతుంది. ఆర్‌లోని పీడీఎఫ్ ఆదేశం మామూలుగా 7 అంగుళాల చదరపు పేజీ ఇస్తుంది గనుక ఈ చిక్కు ఉండదు.

ఇన్ని చేసినా పేజీ తిరిగితే ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను అనుమానించాలి. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు అది పేజీలోని అక్షరాల్లో ఎక్కువ భాగం ఏ దిశలో ఉందో చూసి, తనంతట తానే పేజీని తిప్పగలదు. నిలువు అక్షం పక్కన పొడవైన పేరున్న గ్రాఫులు ఇందులో ఇరుక్కోవచ్చు. ‘ఆటోరొటేట్‌పేజెస్’ను ‘నన్’ చేస్తే ఆగుతుంది. ఈపీఎస్ ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చే ఈపీఎస్‌టుపీడీఎఫ్‌లో సాధారణంగా ఆ అమరిక ముందే ఉంటుంది.