కమొడోర్ 64 మౌస్: ఎంపిక, ప్రోగ్రామింగ్

కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ 1982లో మౌస్ లేకుండానే వచ్చింది. దాని పక్కనున్న రెండు కంట్రోల్ పోర్టులు జాయ్‌స్టిక్కులకు, గుండ్రంగా తిప్పే ప్యాడిళ్లకు ఉద్దేశించినవి. తర్వాత వచ్చిన మౌస్‌లు ఆ తొమ్మిది పిన్నులతోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఎంపికలో చిక్కులకూ, ప్రోగ్రాంలో మెలికలకూ మూలం అదే.

ప్లగ్గు పట్టినంత మాత్రాన మౌస్ పనిచేయదు. అమిగా, అటారీ ఎస్‌టీ మౌస్‌లు ఈ పోర్టులో చక్కగా కూర్చుంటాయి కానీ, అవి పంపే పల్సులు కమొడోర్ 1351 మౌస్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కు పనికిరావు. కమొడోర్ సొంత మౌస్‌లలోనూ తేడా ఉంది. 1350 కేవలం జాయ్‌స్టిక్‌ను అనుకరిస్తుంది. ఏ దిక్కుకు జరిపామో చెబుతుందే తప్ప ఎంత జరిపామో చెప్పదు. కొనవలసింది 1351. కుడి బటన్ నొక్కిపట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే అదీ జాయ్‌స్టిక్‌లా పనిచేస్తుంది కాబట్టి 1350తో అవసరమే ఉండదు. రెండూ చూపుకు దాదాపు ఒకలాగే ఉంటాయి, నంబరు చూసి తీసుకోవాలి. 1351 బంతి మౌస్. పాయింటర్ ఆగి ఆగి కదులుతుంటే ముందు లోపలి రోలర్లకు పట్టిన మురికి తీయాలి. పాతది దొరక్కపోతే మైక్రోమిస్ అనే అడాప్టర్‌తో పీఎస్/2 మౌస్ తగిలించుకోవచ్చు. 1986లో వచ్చిన జియోస్ అనే గ్రాఫికల్ ఆపరేటింగ్ సిస్టంలో కిటికీలు, మెనూలతో జాయ్‌స్టిక్‌తోనూ పనిచేయవచ్చు కానీ, 1351 ఉంటే సులువు.

1351 కదలికను చదివేది సంగీతం వినిపించే సిడ్ చిప్పే! ప్యాడిల్ నిరోధాన్ని కొలవడానికి అందులో రెండు ఇన్‌పుట్లున్నాయి. ఒక్కో కొలతకు 512 క్లాక్ సైకిళ్లు పడతాయి. మౌస్‌లోని చిప్ ఆ కొలతతో తాళం కలిపి, సరైన క్షణంలో సంకేతమిచ్చి, తాను అనుకున్న అంకె సిడ్‌లో నమోదయ్యేలా చేస్తుంది. ఇంత పరిమితమైన దారిలో ఇంత కచ్చితత్వం సాధించడం గొప్ప ఇంజినీరింగ్.

అడ్డం కదలిక మెమొరీ చిరునామా 54297లో, నిలువు కదలిక 54298లో దొరుకుతాయి. అడుగు బిట్‌నూ పై బిట్‌నూ వదిలేస్తే మిగిలేది 0 నుంచి 63 వరకు తిరిగే అంకె. కొత్త అంకెలోంచి పాతది తీసేస్తే కదలిక తెలుస్తుంది. పాతది 60, కొత్తది 3 అయితే తేడా -57. దానికి 64 కలిపితే 7, అంటే మౌస్ కుడికి 7 మెట్లు జరిగింది. రెండుసార్లు చదివే మధ్యలో 32 మెట్లు దాటితే దిక్కే తారుమారవుతుంది. నెమ్మదైన బేసిక్‌లో పీక్ ఆదేశంతో చదివితే ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే డ్రైవర్‌ను మెషీన్ భాషలో రాసి, 788, 789 చిరునామాల్లోని ఇంటరప్ట్ వెక్టర్‌కు తగిలిస్తారు.

అక్కడా వరుస ముఖ్యం. కీబోర్డును వెతికే తీగలే సిడ్‌కు ఏ పోర్టు కలపాలో నిర్ణయిస్తాయి. కంప్యూటర్ మూల ప్రోగ్రాం అయిన కెర్నల్ కీబోర్డును చూడకముందే డ్రైవర్ మౌస్‌ను చదివేయాలి. కీబోర్డు పని ముగించాక కెర్నల్ 1వ పోర్టునే ఎంచి వదిలేస్తుంది కాబట్టి మౌస్‌ను అందులోనే పెట్టాలి.

బటన్లు 56321లో కనిపిస్తాయి: ఎడమది 16 విలువ గల బిట్, కుడిది 1 విలువ గల బిట్, నొక్కితే సున్నా అవుతాయి. పాయింటర్‌కు స్ప్రైట్ (తెరపై విడిగా కదిలే చిన్న బొమ్మ) వాడతారు. మౌస్‌ను పైకి జరిపితే అంకె పెరుగుతుంది, స్ప్రైట్ నిలువు విలువ మాత్రం కిందికి పెరుగుతుంది; అందుకే అక్కడ కూడకుండా తీసివేయాలి. తెర వెడల్పు 320 చుక్కలు, ఒక బైట్‌లో పట్టేది 255 వరకే. పాయింటర్ కుడి అంచు దాకా వెళ్లాలంటే 53264లో ఉండే, అడ్డం విలువకు చెందిన తొమ్మిదో బిట్‌ను కూడా డ్రైవరే మార్చుకోవాలి.