దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద 'కాంతాపుర'

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే కాలు పెట్టే చోటు వెతుక్కోవాలి. ఒక పక్క చెప్పులు, ఒక పక్క కాలుతున్న మొక్కజొన్న కంకులు, నడుమ నీలం పట్టా మీద పాత పుస్తకాలు. గ్రూప్-2, డీఎస్సీ, ఐఈఎల్‌టీఎస్, జావా. మొన్న ఆ కుప్పలో రెండు పుస్తకాలు ఒకే రబ్బరుబ్యాండులో ఇరుక్కుని కనిపించాయి. ఒకటి రాజారావు ఇంగ్లిష్ నవల 'కాంతాపుర'. రెండోది దాని గైడు. గైడే లావుగా ఉంది.

"పీజీ ఇంగ్లిష్ పోరగాళ్లు తీస్కపోతరు సార్. రెండు కలిపి నూటయాభై, విడిగ ఇయ్య" అన్నాడు అమ్మే అతను. బేరం నూట ఇరవైకి తెగింది. నవల కోసం గైడును కూడా మోసుకొచ్చాను.

ఈ రోడ్డు మీద ఇంగ్లిష్ అంటే బతుకుదెరువు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు భూములు ఉండిన చోటు, ఆయన పేరుతోనే పేటగా మారింది. తొంభైలనాటికి ఇక్కడ కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచాయి. విజయవాడ రోడ్డు మీద వచ్చే బస్సులు నల్గొండ, ఖమ్మం, కోస్తా పిల్లల్ని ఎల్బీ నగర్‌లో దించుతాయి. వాళ్లు బ్యాగులు భుజాన వేసుకుని హాస్టళ్లు వెతుక్కుంటారు. వాళ్లలో ఎవరినైనా ఆపి ఇంగ్లిష్ నవలాకారుల పేర్లు అడిగితే చేతన్ భగత్ అంటారు. ఇంకాస్త చదివినవాళ్లు 1997లో బుకర్ కొట్టిన అరుంధతీ రాయ్, 2008లో కొట్టిన అరవింద్ అడిగ అంటారు. వీళ్లందరికంటే ముందు దారి వేసిన ముగ్గురిలో ఒకాయన, మూసీ అవతల బషీర్‌బాగ్‌లో, అచ్చం వీళ్ల వయసులోనే, ఏ భాషలో చదవాలి, ఏ భాషలో రాయాలి అన్న తికమకలో పడి తిరిగినవాడని ఈ పట్టా దగ్గర ఎవరికీ తెలియదు.

రాజారావు మనవాడని చెప్పుకోవడానికి లేదు. 1908 నవంబర్ 8న హాసన్‌లో కన్నడ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. నాలుగేళ్లకే తల్లి పోయింది. తండ్రి హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో కన్నడం చెప్పేవారు. పిల్లవాడు కొన్నాళ్లు తాత దగ్గర పెరిగి, తర్వాత తండ్రి దగ్గరికి వచ్చాడు. చేర్చింది మదర్సా-ఎ-ఆలియాలో. ఇంట్లో కన్నడం, బడి ఆవరణలో ఉర్దూ, బజారులో దక్కనీ, తెలుగు. పాఠ్యపుస్తకం తెరిస్తే ఇంగ్లిష్.

ఆ రోజుల హైదరాబాద్‌లో చదువుకు రెండు దారులు ఉండేవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఉర్దూలో చెప్పేది. వైద్యం, ఇంజినీరింగ్ కూడా. దేశభాషలో చెప్పాలని పట్టుబట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో అదొకటి. అదే ఊళ్లో 1887లో వెలసిన నిజాం కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అక్కడ చదువు ఇంగ్లిష్‌లో. ఒకే నవాబు కింద రెండు కాలేజీలు, రెండు భాషలు. 'మీడియం' గొడవ మనకు కొత్తదేమీ కాదు.

రాజారావు రెండో దారి పట్టారు. నడుమ కొంతకాలం అలీగఢ్‌లోనూ చదివారు. అక్కడ ఎరిక్ డికిన్సన్ అనే ఇంగ్లిష్ మాస్టారు, తర్వాత 'ట్వైలైట్ ఇన్ ఢిల్లీ' రాసిన అహ్మద్ అలీ పరిచయమయ్యారు. ఫ్రెంచి మోజు కూడా అప్పటిదే. నిజాం కాలేజీలో ఇంగ్లిష్, చరిత్ర చదివి మద్రాసు పట్టా పుచ్చుకున్నారు. 1929లో హైదరాబాద్ సర్కారు స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ డబ్బుతో ఫ్రాన్సులోని మాంపెలియే వెళ్లారు. అంటే భారతీయ ఆంగ్ల నవల పునాదిలో నిజాం ఖజానా సొమ్ము కొంత ఉంది.

అంత దూరం వెళ్లినవాడు తొలి రోజుల్లో రాసింది కన్నడంలో. ముప్పైల మొదట్లో 'జయ కర్ణాటక' పత్రికలో ఆయన కన్నడ రచనలు వచ్చాయి. తర్వాతే ఇంగ్లిష్‌కు తిరిగారు. తిరిగాక కూడా దొరల ఇంగ్లిష్‌లో రాయలేదు. 1938లో లండన్‌లో అచ్చయిన 'కాంతాపుర'ను చెప్పేది అచ్చక్క అనే ముసలావిడ. గాంధీ ఉద్యమం ఒక మారుమూల కన్నడ ఊరికి ఎలా వచ్చిందో, ఊరు ఎలా లేచిందో, చివరికి ఎలా చెల్లాచెదురయిందో వసారాలో కూర్చుని చెబుతున్నట్టు చెబుతుంది. ఊపిరి తీసుకోకుండా, ఒక వాక్యంలో ఇంకో వాక్యాన్ని ముడివేస్తూ. ముందు ఊరి దేవత కెంచమ్మ కథ, హేమావతి నది, ఆ తర్వాతే మనుషులు. మన పల్లెల్లో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది ఇదే వరసలో. ఊళ్లోకి హరికథ దాసు జయరామాచార్ వచ్చి పురాణంలో గాంధీని కలిపేస్తాడు. ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన నేల మీద పెరిగినవాళ్లకు ఆ పట్టు వెంటనే అందుతుంది. లండన్ పాఠకుడికి ఎంత అందిందో నాకు అనుమానమే.

ఇంటికి తెచ్చి చూస్తే నా కాపీ మార్జిన్లలో పెన్సిలు రాతలు ఉన్నాయి. గుండ్రటి తెలుగు అక్షరాలు. ఎవరో అమ్మాయి రాసి ఉంటుందనిపించింది. మొదటి పేజీలో పొడుగాటి వాక్యం పక్కన: "ఊపిరి ఎక్కడ తీసుకోవాలె?" ఈ నవలలో మనుషులకు ఇంటిపేర్లు కాదు, ఊరివాళ్లు తగిలించిన పేర్లు ఉంటాయి. మూలింటి మూర్తి, ముక్కు గోక్కునే నంజమ్మ, జలపాతం వెంకమ్మ. జలపాతం అన్నది ఆమె నోరు ఆగదు కనక. ఆ పేరు కింద రెండు గీతలు గీసి రాసిన మాట: "మా పెద్దమ్మ." గైడులో ఇదే పేరుకు వ్యాకరణం, శైలి అంటూ అరపేజీ వివరణ ఉంది. పెన్సిలు రెండు మాటల్లో తేల్చేసింది.

మొదట దారి వేసిన ముగ్గురిలో మిగతా ఇద్దరివీ వేరే దారులు. ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్' పందొమ్మిది మంది ప్రచురణకర్తలు కాదన్నాక 1935లో వెలుగు చూసింది. అదే ఏడు గ్రాహం గ్రీన్ చొరవతో ఆర్‌.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' వచ్చింది. నారాయణ్ ఏడాదికేడాది కథలు నవలలు రాస్తూ కలంతోనే బతికారు. రాజారావు అలా కాదు. 'కాంతాపుర' తర్వాత రెండో నవల 'ది సర్పెంట్ అండ్ ది రోప్' రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది, 1960 వరకూ. ఈ మధ్యలో ఆశ్రమాలు, గురువులు, ఫ్రాన్సుకూ ఇండియాకూ రాకపోకలు. ఆ నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దాన్ని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో వదిలేశానని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వేదాంతం ఎక్కువై మనుషులు తగ్గారు. కానీ అందులో కథానాయకుడు రామస్వామి ఇల్లు హైదరాబాద్‌లోనే. ఫ్రాన్సులో చరిత్ర పరిశోధన చేస్తూ, సవతి తల్లినీ చెల్లెలి పెళ్లినీ తలచుకుని ఈ ఊరికే తిరిగొస్తాడు. అరవైల నుంచి ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పారు రాజారావు. 1988లో న్యూస్టాట్ అంతర్జాతీయ సాహిత్య బహుమతి అందుకున్నారు. 2006 జూలై 8న అక్కడే పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు.

హైదరాబాద్ గురించీ, హైదరాబాద్‌లో ఉండీ ఇంగ్లిష్‌లో రాసినవాళ్లు లేకపోలేదు. జీనత్ ఫతేహలీ 'జొహ్రా' 1951లోనే వచ్చింది, ఇక్కడి ముస్లిం పెద్దింటి ఆడపిల్ల కథ. లాహోర్‌లో పుట్టి ఉస్మానియాలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ చెప్పిన శివ్ కె. కుమార్ దేశవిభజన మీద 'ఎ రివర్ విత్ త్రీ బ్యాంక్స్' రాశారు. 2017లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. వీళ్లెవరికంటే దిల్‌సుఖ్‌నగర్ మనిషికి దగ్గరైనది అమూల్య మల్లాది 'ది మ్యాంగో సీజన్' (2003). అమెరికా నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చిన తెలుగు బ్రాహ్మణ పిల్ల, మామిడికాయలు తరిగే గలాటాలో, తనకు అమెరికన్ అబ్బాయితో నిశ్చయమైందని తాతకూ తండ్రికీ ఎలా చెప్పాలో తెలియక నలిగిపోతుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోక ముందు, మే నెలలో ఆ వైపు నడిచినవాళ్లకు ఆ నవల వాసనతో సహా తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు వెళ్తే తర్వాతి స్టేషన్ ముసారాంబాగ్. రెండో నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ఇక్కడి హిందువులు మూసా రాం అనీ ముస్లింలు మూసా రహీం అనీ పిలుచుకున్నారట. ఆ పేరే పేటకు మిగిలింది. 1798లో పోయిన ఆయన సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పరాయి నోట్లో పడి పేరు మారినా ఆ మనిషి ఈ పేటవాడే అయ్యాడు. ఆయన దేశానికి ఇక్కడి నుంచి ఒక కన్నడ కుర్రవాడు వెళ్లి, ఇంగ్లిష్‌ను ఇలాగే మన నోటికి తగినట్టు వంచాడు. గైడులో ఈ సంగతి లేదు.

వారం తర్వాత ఆ పట్టా దగ్గరికి మళ్లీ వెళ్లాను. గైడును తిరిగి తీసుకోమంటే ముప్ఫై రూపాయలు ఇచ్చాడు. "నవల ఇయ్యరా?" అన్నాడు. ఇవ్వనన్నాను. పెన్సిలు రాతలు నలభై మూడో పేజీతో ఆగిపోయాయి. ఆ తర్వాత ఊరి మీదికి పోలీసులు వస్తారు, మూర్తి జైలుకు వెళ్తాడు, ఆడవాళ్లు వీధిలోకి దిగుతారు. అక్కడంతా తెల్ల మార్జిన్లే. గైడు మాత్రం చివరి పేజీ దాకా నలిగి ఉంది.