పెట్టె మీద 56కె... లైన్‌లో ఎంత?

1990ల చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మోడెమ్ కొనబోతే అట్టపెట్టె మీద ముందు కనబడేది వేగం. పెద్ద అంకెల్లో 33.6, 56కె. దాని కింద చిన్న అక్షరాల్లో వి.34, కె56ఫ్లెక్స్, వి.90 అనే గుర్తులు. కొనేవాళ్లు అడిగేది పెద్ద అంకె గురించే. కిటుకంతా చిన్న అక్షరాల్లో ఉండేది.

ఒక కంపెనీ మోడెమ్ ఇంకో కంపెనీ మోడెమ్‌తో మాట్లాడాలంటే రెండింటికీ ఒకే పద్ధతి తెలిసి ఉండాలి. జెనీవాలోని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఆ పద్ధతులకు ‘వి’ వరుస పేర్లు పెట్టింది. సెకనుకు 9,600 బిట్లను రెండు వైపులా ఒకేసారి పంపే వి.32 ప్రమాణం 1984లోనే వచ్చింది. కానీ దాని ప్రకారం మోడెమ్ చేయడం ఖరీదైన పని. దాంతో కంపెనీలు ఎవరి దారి వారు చూసుకున్నాయి. టెలిబిట్ ‘ట్రైల్‌బ్లేజర్’, యూఎస్ రోబోటిక్స్ ‘హెచ్‌ఎస్‌టీ’ అలా పుట్టినవే. రెండూ వేగంగానే పనిచేశాయి, అవతల తమ జాతి మోడెమే ఉంటే!

28.8 కిలోబిట్ల కాలంలోనూ ఇదే కథ. ప్రమాణం తేలేదాకా ఆగలేక రాక్‌వెల్ 1993లో ‘వి.ఎఫ్‌సీ’ చిప్‌లు అమ్మేసింది. మరుసటి ఏడు వి.34 ఖరారైంది. రెండింటి మీదా 28.8 అనే ఉంటుంది. కానీ వి.ఎఫ్‌సీ మాత్రమే తెలిసిన మోడెమ్, వి.34 మాత్రమే తెలిసినది ఎదురుపడితే రెండూ 14.4కు దిగి సర్దుకోవాల్సిందే.

మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు డయలప్ వేగం 9.6 కిలోబిట్లు. ఇంట్లో 28.8 మోడెమ్ పెట్టుకున్నా అవతలివాడు ఇచ్చిందే దక్కేది.

ఆ తర్వాత 56కె పోరు. యూఎస్ రోబోటిక్స్‌ది ఎక్స్2, రాక్‌వెల్-లూసెంట్‌లది కె56ఫ్లెక్స్. ఒకటి ఇంకోదానికి అర్థం కాదు. 1998 ఫిబ్రవరిలో రాజీ కుదిరి వి.90 వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో మన ప్రభుత్వం ఇంటర్నెట్ సేవల్లోకి ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు చెందిన సత్యం ఇన్ఫోవే వెంటనే రంగంలోకి దిగింది.

56కె లెక్క సులువే. డిజిటల్ ఎక్స్ఛేంజ్ ఫోన్ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతలో 7 బిట్లు వాడుకుంటే 56,000. కాకపోతే రెండు షరతులు. సర్వీసు ఇచ్చేవాడి వైపు లైన్ పూర్తిగా డిజిటల్ కావాలి. దారిలో అనలాగ్‌కు మారడం ఒక్కసారే, అదీ చందాదారు తీగ దగ్గరే జరగాలి. అప్పుడు కూడా మనం పంపే వేగం 33.6 దాటదు.

అప్పటి వరంగల్ జిల్లాలోని చిల్పూర్ లాంటి ఊరి నుంచి పట్నంలోని ఇంటర్నెట్ సంస్థ నోడ్‌కు డయల్ చేశారనుకుందాం. ఊరి ఎక్స్ఛేంజ్‌కూ పట్నానికీ మధ్య ఎక్కడైనా అనలాగ్ లింకు ఉంటే వి.90 చేతులెత్తేసి వి.34 అందుకునేది. గొంతును 32 కిలోబిట్లకు కుదించే వైర్‌లెస్ ఫోన్ అయితే 9.6 మీద ఆశ పెట్టుకోవాల్సిందే. మరోపక్క విండోస్ 95 తెర మూల కిటికీలో చాలాసార్లు దర్జాగా 1,15,200 అని వెలిగేది. అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం. ఫోన్ తీగకు దానితో సంబంధమే లేదు.

మరి ఆ మోడెమ్‌లు అంతర్జాతీయ ప్రమాణానికి తగినవేనా? హెచ్‌ఎస్‌టీ, వి.ఎఫ్‌సీ, ఎక్స్2 సొంత పద్ధతిలో నడిచినంతసేపు కావు. వి.34, వి.90 పద్ధతుల్ని సరిగా పాటించినవి అవును, 26.4 వద్ద కనెక్టయినా సరే. ఎందుకంటే లైన్ బాగోకపోతే 2,400 బిట్ల చొప్పున మెట్లు దిగడం వి.34లో రాసుకున్న నియమమే. ప్రమాణం హామీ ఇచ్చింది తెలియని మోడెమ్‌తోనైనా మాట కలుస్తుందని మాత్రమే. పెద్ద అంకె హామీ అమ్మేవాడిది.