గంతలు కట్టి చూసిన సంగతి

ఒంట్లో ఏదో జరగడం వేరు, దానికి కారణం ఇదీ అని చెప్పడం వేరు. మన వాడల్లో ఈ తేడా చూడకపోతే ప్రాణాలు పోతాయి. అందుకే ఈ భాగంలో పారిస్‌కు పోదాం, 1784కి.

మెస్మర్ అనే వైద్యుడు కంటికి కనపడని ద్రవమేదో లోకమంతా నిండి ఉందనీ, దాన్ని చేతులతో మళ్లించి రోగాలు కుదురుస్తాననీ చెప్పాడు. ఆ వైద్యానికి వచ్చినవాళ్లు ఊగిపోయారు, వణికారు, పడిపోయారు. జాతరలో పూనకం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. రాజు పదహారో లూయీ విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్, ఖగోళ శాస్త్రజ్ఞుడు బెయ్యీ, డాక్టర్ గిలొటిన్ ఉన్నారు. (తర్వాత ఆ డాక్టర్ పేరు తగిలించుకున్న యంత్రం కిందే లవోయిజర్, బెయ్యీల తలలు తెగాయి. అది వేరే కథ.)

వాళ్లు రోగుల్ని "నటిస్తున్నారు" అని కొట్టిపారేయలేదు. నాకు గౌరవం అక్కడే. మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు "శక్తి" ఎక్కించాడు. 12 ఏళ్ల పిల్లాడికి గంతలు కట్టి, వేరే నాలుగు చెట్లను ఒక్కొక్కటిగా పట్టుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గరే చెమటలు, దగ్గు. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పాడు. శక్తి ఎక్కించిన చెట్టు అక్కడికి 24 అడుగుల దూరంలో ఉంది! లవోయిజర్ ఇంట్లో ఒకామెకు వరసగా మామూలు నీళ్ల కప్పులే ఇచ్చారు. నాలుగో కప్పుకు ఆమె వణుకుతూ పడిపోయింది. తేరుకుని నీళ్లడిగితే, ఈసారి "శక్తి" ఎక్కించిన కప్పు ఇచ్చారు. నిమ్మళంగా తాగేసింది. వణుకు నిజమే, ద్రవమే లేదు.

అయితే ఆ పెద్దమనుషులకూ ఒక గంత ఉంది. రోగుల్లో పేదలకే ఎక్కువగా ఏదో అనిపించిందని రాస్తూ, అజ్ఞానులు కాబట్టి పెద్దల ముందు అలా నమ్మేస్తారన్నారు. చెట్టును పరీక్షించారు కానీ ఈ మాటను పరీక్షించలేదు. అది సాక్ష్యం కాదు, వాళ్ల అభిప్రాయం. రెండూ ఒకే నివేదికలో పక్కపక్కనే కూర్చున్నాయి.

ఇప్పుడు మన ఊళ్లకు రండి. బాణామతి, చేతబడి అని పళ్లు పీకారు, కొట్టి చంపారు. జ్వరం నిజం, గేదె చచ్చిపోవడం నిజం. ఫలానా ముసలామె చేసిందన్నది మాత్రం ఒకడి నోటిమాట. రెండు ఊళ్ల నుంచి ఇద్దరు మంత్రగాళ్లను పిలిచి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పేరు చెప్పమని అడిగి చూశారా? ఆ మంత్రగాడి నోట దొర పేరు రావడం నేనైతే ఇంతవరకు వినలేదు.