యాప గింజల పైసలు

రాండ్రి, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండ్రి. పొగ మొకం మీదికొస్తె మొకం తిప్పుకోండ్రి గని లేచిపోకుండ్రి. సంక్రాంతి దాటేదాక మన వాకిట్ల నెగడు ఆరది. అగో, మా అక్క గూడ వస్తున్నది. ఆమెకు ఆ పీట ఎయ్యండ్రి.

ఏందే బిడ్డా, ఇందాక ఏదో చెప్తుంటివి? అమెరికాల చదువుకుంటనే పనిజేస్తవా? కాలేజి లోపల్నే, లైబ్రరీల పుస్తకాలు సర్దే పనా? క్లాసులు నడిచే రోజులల్ల వారానికి 20 గంటలు దాటొద్దని రూలు గూడ ఉన్నదా! మంచి రూలే. గసొంటిది మాకుంటే నా దోస్తు ఒకడు బాగుపడేటోడు. వాని ముచ్చట తర్వాత చెప్త.

మా కాలంల మీ తీరు పాకెట్ మనీ అనే మాటనే లేకుండె. జేబున్న అంగీ ఏడాదికొకటి కుట్టిస్తె గొప్ప, ఆ జేబుల పైసలెక్కడియి? పలక పగిలినా, నోటుబుక్కు అయిపోయినా మనమే ఏదో ఒక ఉపాయం చేసుకోవాలె. జగిత్యాల దిక్కు అప్పుడు అడవి ఇంత పలుచగ లేకుండె. ఉపాయాలన్ని చెట్ల మీదనే కాసేటియి అనుకోండ్రి.

ఎండకాలమొస్తె తునికాకు. బడి పరీక్షలు ఒడిసేటాళ్లకు ఆకు తయారుగ ఉండేది. మాఘం, ఫాల్గుణంలనే మోళ్లు కొట్టి పెడ్తరు, దాంతోని కొత్త చిగురు మెత్తగ వస్తది. ముదురాకు బీడీకి పనికిరాదు, మలిస్తె పటుక్కున ఇరుగుతది. కోడి కూయకముందే గుంపుగ పోయి, ఎండ నెత్తిమీదికొచ్చేటాళ్లకు మూటలతోని వచ్చేటోళ్లం. మధ్యాన్నమంత చెట్టుకింద కూసోని కట్టలు కట్టుడు. కట్టకు 50 ఆకులు. ఒక్కటి తక్కువున్నా ఆకు తీసుకునే కల్లేదారు కట్ట తీసి అవతల పడేసేటోడు. ఒక్కటి ఎక్కువుంటె మాత్రం నోరు మెదపడు. వందకు రెండు కట్టలు ఉత్తగనే గుంజుకునేటోడు, ఎందుకని అడిగితె ఎండితె తరుగు పోదా అనేటోడు. 1971ల సర్కారు చట్టం తెచ్చి ఆకు వ్యాపారం తన చేతిల పెట్టుకున్నది. అంతకుముందు అడవంత గుత్తేదార్లదే. మేము ఏరింది వాళ్ల రాజ్యంలనే.

ఇప్పపువ్వు వేరే తీరు. అది రాత్రి రాలుతది, తెల్లారగట్ల ఏరాలె. పొద్దెక్కితె పసులు తింటయి. ఆ వాసన చేతులకు పట్టుకుంటె బడిల సారు మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేటోడు, తాగొచ్చిన్రేమో అని. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు మోపులు కట్టుకొని జగిత్యాలకు పోయి అమ్మేటోళ్లం. సీతాఫలాలు గూడ అప్పుడే. కాయ కన్ను తెరిస్తె తెంపి గడ్డిల మాగేసేటోళ్లం, అమ్మినయి కొన్ని, తిన్నయి మస్తు.

నాకు అన్నిట్లకంటె ఇష్టమైన సంపాదన ఉత్తరాలు రాసుడు. నవ్వకుండ్రి. మా వాడల సగంమంది మొగోళ్లు బొంబాయిల, భీవండిల బట్ట నేసే సాంచెల మీద పనిచేసేది. దుబాయి పోవుడు ఇంకా షురూ కాలే. ఆడోళ్లకు సదువు రాదు. ఏడో తరగతికొచ్చిన నాకు ఇంగ్లీషుల అడ్రసు రాసుడొచ్చు, ఇగ నన్ను మించిన మొనగాడు లేడు. ఉత్తరానికి పది పైసలు. లేకుంటె ఒక గుడ్డో, గుప్పెడు పల్లికాయో. ఒకామె ఉండె, ఎప్పుడు చెప్పినా ఒక్కటే మాట: "అందరం మంచిగున్నమని రాయి బిడ్డా." రాసి, ఇంకేమన్న ఉన్నదా అంటె జరసేపు కిందికి చూసేది. ఒకసారి అన్నది: "పైసలు పంపుమని రాయకు. వానకు ఎనుక గోడ కూలిందని రాయి. ఆయనకే తెలుస్తది." నేను సారుగిరీ చేసి, పిల్లలకు ఉత్తరం రాసుడు నేర్పిచ్చిన ఏండ్లన్ని ఆ గోడ నాకు యాదికొచ్చేది. ఆ ఉత్తరానికి పైసలు తీసుకున్ననా లేదా అని మాత్రం అడగకుండ్రి. తీసుకున్న.

ఇగ బీడీలు. అది ఇంటి పని, రోజూ ఉండేది. పొద్దుమీకి ఆకు నానబెట్టి తడిబట్టల చుట్టి పెడ్తరు. తెల్లారి రేకుముక్క పెట్టి కత్తెరతోని కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టి దారం కట్టుడు, మూతి ఒత్తుడు. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతె వెయ్యి. అమ్మ, అక్క చుట్టేది, నేను బడి నుంచి వచ్చి మూతులు ఒత్తేది. పధ్నాలుగేండ్ల లోపు పిల్లల్ని బీడీ కార్ఖానాల పెట్టొద్దని 1966లనే చట్టమైతె వచ్చింది. అది కార్ఖానా గడప దాకనే వచ్చింది. ఇంట్ల చాట ముంగట కూసున్న పిల్లను అడిగేటోడెవడు? అక్క అయిదు దాక చదివింది. మానింది కాదు, మాన్పిచ్చిన్రు. ఆమె వేళ్లు అమ్మ వేళ్లకంటె గట్టిగ ఉరికేటియి, అదే ఆమె తప్పు.

చుట్టినయన్ని పైసలైతయా అంటె అదీ లేదు. కంపెనీల మనిషి గంపల్నుంచి కట్టలు తీసి చూసేటోడు. వదులుగున్నయని, మూతి మంచిగ లేదని కొన్ని పక్కకు తీసేసేటోడు. తీసేసిన వాటికి కూలి రాదు. ఆకు తక్కువిచ్చి బీడీలు పూర అడిగితె ఆకు మనమే కొనాలె. ఈ లెక్కలు ఏ బడిల చెప్పరు.

ఆ దోస్తు ముచ్చట చెప్తనంటి కదా. 1969 జనవరిల తెలంగాణ ఉద్యమం లేచింది. బడులు నెలల తరబడి బంద్. మేమూ జెండాలు పట్టుకొని తిరిగినం, అయితె ఎన్ని రోజులు తిరుగుతరు? వాడు, నేను ఇద్దరం చాటల ముంగట కూసున్నం. వాడు చూస్తుండంగనే వెయ్యి దాటిచ్చిండు. బడి తెరిచినంక పిలువవోతె, "వారం వారం చేతిల పైసలు పడ్తుంటె లెక్కలు నీకెందుకురా, నాకెందుకురా" అన్నడు. వానికి నాకంటె లెక్కలు మంచిగొస్తుండె. ఇరువై ఏండ్లు ఆ చాట ముంగటనే కూసున్నడు. నేను మళ్ల బడికి ఎందుకు పోయిన్నో చెప్తె నమ్మరు. నాకు చుట్టుడు రాలే. నేను చుట్టినయన్ని పక్కకు తీసేసేటోళ్లు.

తర్వాతి ఏడు పుస్తకాలు కొనాలె. పై తరగతి పిలగాడు తనవి సగం ధరకు ఇస్తనన్నడు, అట్టలు లేకున్నా లోపల పేజీలు పూర ఉన్నయి. ఇంట్ల అడిగే మొకం లేదు. అప్పుడే యాపపండ్లు రాలుతున్నయి. పదిహేను రోజులు గుడెనుక చెట్ల కింద పొద్దుగాల్నే ఏరిన, ఒక గోనెసంచి నింపిన, కొట్టంల పెట్టిన. అంగడి రోజు నాకు బడి. అక్క బీడీల గంప ఇయ్యబోతున్నది కదా అని సంచి గూడ ఆమె నెత్తికెత్తిన. మాపటికి పైసలు తెచ్చి నా చేతుల పోసింది. ఆ పైసలతోని పుస్తకాలు కొన్న. రిటైరైన నాడు స్టేజి మీద గూడ చెప్పిన, నాది యాప గింజల చదువని. అందరు చప్పట్లు కొట్టిన్రు...

ఏందక్కా, నవ్వుతున్నవు?

"గింజలా? పండ్లు పిసికి కడిగి ఆరబెట్టాలెరా గింజలు కావాల్నంటె. నువ్వు వానకు తడిసినయి తడిసినట్టే సంచిల కుక్కితివి. మూతి ఇప్పితె బూజు. షావుకారు ముక్కు మూసుకున్నడు. వాగొడ్డుకు పోసొచ్చిన."

మరి పైసలు?

"ఆ దినమే వారం కూలి ఇచ్చిన్రు. అండ్లకెల్లి తీసిన. కట్టలు తీసేసిన్రని అమ్మకు చెప్పిన. మస్తు తిట్టింది, చేతులకు ఏమొచ్చిందే అని. సంచి మాత్రం కడిగి తెచ్చిన. ఆ కట్టె జర లోపలికి తొయ్యి, ఈ పిల్లకు సలి పెడ్తున్నది."