ఓట్లు తక్కువ, పొత్తులు ఎక్కువ: ఆంధ్రలో హిందూత్వ రాజకీయాలు

2019 ఎన్నికల్లో ఒంటరిగా పోటీ చేసిన బీజేపీకి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఒక్క సీటూ రాలేదు. ఒక శాతం ఓట్లు కూడా దక్కలేదు, నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి. 2024లో తెలుగుదేశం, జనసేనలతో కలిసి 10 స్థానాల్లో పోటీ చేసి 8 గెలిచి, రాష్ట్ర మంత్రివర్గంలో చేరింది. మధ్యలో మారింది ప్రధానంగా పొత్తు.

విశాఖ ఈ చరిత్రలో ముఖ్యమైన ఊరు. 1951లో పుట్టిన జనసంఘ్, 1965లో విజయవాడ సభల్లోనే 'ఏకాత్మ మానవతావాదా'న్ని తన సిద్ధాంతంగా స్వీకరించింది. 1980లో బీజేపీ ఏర్పడింది. మరుసటి ఏడాదే విశాఖ నగరపాలక సంస్థను గెలుచుకుంది, ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మేయరయ్యారు. అప్పటికి తెలుగుదేశం లేదు. కాంగ్రెస్‌పై వ్యతిరేకతకు పట్టణాల్లో బీజేపీ ఒక వేదిక అయింది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టాక ఆ ఓటు చాలావరకు అటు మళ్లింది. ఆ తర్వాత ఇక్కడ బీజేపీ పెద్ద విజయాలకు ఎక్కువగా తెలుగుదేశం తోడుంది. 2014లో విశాఖ లోక్‌సభ స్థానంలో కంభంపాటి హరిబాబు గెలుపు, 2024లో పక్కనున్న అనకాపల్లి గెలుపు ఇలాంటివే. పొత్తులో లేని వైఎస్సార్‌సీపీ కూడా 370 అధికరణ రద్దుకు, పౌరసత్వ సవరణ చట్టానికి పార్లమెంటులో మద్దతిచ్చింది.

జర్మనీ దారి వేరు. హిట్లర్ అనుభవంతో రాసుకున్న 1949 రాజ్యాంగంలోని 21వ అధికరణ, ప్రజాస్వామ్యాన్ని కూల్చజూసే పార్టీని నిషేధించే అధికారాన్ని రాజ్యాంగ న్యాయస్థానానికి ఇచ్చింది. 1952లో నాజీ వారసత్వ పార్టీ ఎస్ఆర్‌పీపై నిషేధం పడింది. 1956లో అదే అధికరణతో కమ్యూనిస్టు పార్టీనీ నిషేధించారు. నిషేధాన్ని కోరే ఉద్యమకారులు ఈ రెండో తీర్పును కూడా గుర్తుంచుకోవాలి. 2017లో ఎన్‌పీడీ లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది, కానీ వాటిని సాధించే బలం దానికి లేదంటూ నిషేధించలేదు.

చట్టంతో పాటు అక్కడ ఒక రాజకీయ కట్టుబాటు ఉంది: తీవ్ర మితవాదులతో మిగతా పార్టీలు ప్రభుత్వం పంచుకోవు. ఏఎఫ్‌డీ 2017లో 12.6 శాతం ఓట్లతో పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైంది. 2025లో 20.8 శాతం తెచ్చుకుంది. అయినా ఒక్క మంత్రి పదవీ దక్కలేదు. ఆ గోడకూ బీటలు పడుతున్నాయి. 2025 జనవరిలో సీడీయూ తెచ్చిన వలసల తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతోనే నెగ్గింది.

బీజేపీ, ఏఎఫ్‌డీ ఒకటి కావు. ఒకటి కేంద్రాన్ని పాలిస్తోంది, మరొకటి ప్రతిపక్షంలో ఉంది. పోల్చవలసింది మిగతా పార్టీల ప్రవర్తనను. అక్కడ ఐదో వంతు ఓట్లకు దొరకని అధికారం ఇక్కడ పొత్తుతో దొరికింది.

దళితులకు దీని లెక్క ఉక్కు కర్మాగారంలో కనిపిస్తుంది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అంటూ ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. ప్రభుత్వరంగంలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు యజమానికి ఆ బాధ్యత లేదు. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ ఊరటే. కానీ అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేశామని కేంద్రం అప్పుడు ప్రకటించలేదు.

అందుకే ఓటు అడగడానికి వాడకు వచ్చే ప్రతి పార్టీనీ రెండు ప్రశ్నలు అడగాలి. ఎన్నికల తర్వాత ఎవరితో కూర్చుంటారు? ఉక్కులో మా రిజర్వేషన్ పోస్టుల గురించి ఆ పొత్తు కాగితంలో ఏం రాయించారు?